నలభై నాలుగేళ్ల వాడికి బొబ్బట్లు

మా అబ్బాయి చేత తాగుడు మాన్పించిన కౌన్సిలరమ్మ పోయిన వారం కన్నుమూశారు. పొద్దున్నే లేచి "జర గుండెల మంటగున్నది" అని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదట. ఫోన్ వచ్చింది మా వాడికే. వాడు వంటింట్లోకి వచ్చి, స్టవ్ ఆపి, నన్ను కూర్చోబెట్టి, ఆ తర్వాత చెప్పాడు. చెడ్డ వార్త చెప్పే ముందు మంట ఆర్పాలని వాడికి నేర్పింది ఆవిడే.

నాచారంలో ఫ్యాక్టరీల వెనక సందులో, తాగుడు మాన్పించే కేంద్రంలో పనిచేసేవారు. మనిషి నా భుజం దాకా వచ్చేవారు. నేనేమీ పొడుగు కాదు. గొంతు మాత్రం ఉప్పల్ చౌరస్తా దాకా వినబడేది. మా వాణ్ని చేర్చిన రోజున ఫారం నింపుతూ వాణ్నే వయసు అడిగారు.

"నలభై నాలుగు."

"అది ఆధార్ కార్డుది. తాగుడు ఏ వయసుల షురూ జేసినవ్?"

"పదహారులో."

"అయితే నీకింక పదహారే బిడ్డా. కష్టమొచ్చినప్పుడల్లా సీస ఎత్తితివి, ఇగ పెరిగేదెప్పుడు? మీసమొక్కటే నలభై నాలుగుది."

వాడు మీసం తడుముకున్నాడు. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పిన నేను కూడా ఆ మీసం వయసు లెక్కేశాను.

ఆదివారాలు ఇంటివాళ్లకు పాఠం. మనిషి ఎదుగుదల అంటూ బోర్డు మీద మెట్లు గీసేవారు. మొదటిది నమ్మకం, రెండోది సొంత ఇష్టం, ఆపైన చొరవ, పనితనం, నేనెవరినన్న ఎరుక. తాగుడు మానినవాడు వాటిని మళ్లీ కింది నుంచి ఎక్కాలట. నేను చెయ్యెత్తాను.

"ఇందులో కొత్తేముందమ్మా? పసివాడు బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. మా అమ్మమ్మ ఏ కాలేజీకీ వెళ్లలేదు."

వెనక నుంచి ఒకామె అంది: "మా ఇంటాయన దినాం బోర్లనే పడ్తడు. దినాం బొబ్బట్లేనా?"

కౌన్సిలరమ్మ నవ్వీ నవ్వీ చాక్‌పీసు జారవిడిచారు. తర్వాత నోటుబుక్కు తీసి, "టీచరమ్మా, గది మళ్లొక్కసారి జెప్పున్రి" అన్నారు. నేర్చుకోవడానికి సిగ్గుపడని మనిషి. మరుసటి వారం నుంచి అదే అక్కడి పద్ధతి. రాత్రంతా నిద్రపోగలిగిన వాడికి ఇంటి నుంచి బొబ్బట్లు రావాలి. నలుగురిలో గంటసేపు లేచి పారిపోకుండా కూర్చుంటే కుడుములు. గడ్డం నెరిసిన లేత్ మిషన్ మేస్త్రి ఒకాయన చేతిలో కుడుము పట్టుకుని వరసగా అందరికీ చూపించుకుంటుంటే ఈ కళ్లతో చూశాను. మా స్కూల్లో ఫస్టు వచ్చిన పిల్లలు కూడా అంత మురిసిపోలేదు. "సచ్చేదాక పెరగొచ్చు బిడ్డా, ఎవలొద్దన్నరు?" అన్నారు ఆవిడ ఆయనతో.

మూడు నెలలకు మా వాడు ఇంటికొచ్చాడు. నేను పోలీసునయ్యాను. నోరు వాసన చూడడం, జేబులు వెతకడం, కూరగాయలకు వెళ్తే వెనకే వెళ్లడం. ఇదంతా నా ప్రతిభ అనుకుని ఆవిడకు చెప్పాను.

"రెండేండ్ల పోరడు పడ్తడని కాళ్లు కట్టేస్తరా, అమ్మా?"

"పడితే?"

"పడ్తే లేస్తడు. మీ కొడుకు రెండో మెట్టు ఎక్కిండు. మీరే ఇంక మొదటి మెట్టు కాడ్నే నిలవడ్డరు, టీచరమ్మా."

కోపం వచ్చింది. రెండు రోజులుంది. మూడోనాడు మా వాడు, "లాలాపేట్‌లో ఏదో పని ఉందట, చూసొస్తానమ్మా" అన్నాడు. ఆ దారిలో మందు దుకాణాలు ఎన్నున్నాయో నాకు కంఠస్థం. చెప్పుల్లో కాళ్లు పెట్టి, తీసేసి, నానిన మినప్పప్పు ముందేసుకుని కూర్చున్నాను. మా ఇంట్లో పప్పు అంత మెత్తగా ఎన్నడూ రుబ్బలేదు.

సాయంత్రానికి వచ్చాడు. నేను వాసన చూడలేదు. ముక్కే తనంతట తాను కాస్త ముందుకెళ్లింది.

"చూసుకో అమ్మా," నవ్వాడు వాడు. "చాయ్, ఉల్లి సమోసా."

మర్నాడు గారెలు పట్టుకెళ్లాను. "గడప దాటింది వాడు. దాటకుండా ఆగింది నేను. రెండింటికీ కలిపి ఇవి" అన్నాను. ఆవిడ నాలుగు తిని, వేళ్లు తుడుచుకుని, "ఇగ మీరు గూడ పెద్దగైతున్నరు" అన్నారు. డెబ్భై దాటాక అందిన మెచ్చుకోలు, కాదనలేదు.

నాలుగేళ్లయింది. మధ్యలో ఒకసారి మా వాడు మళ్లీ తాగి పడ్డాడు. ఎవరూ లాక్కెళ్లలేదు, తనే నడిచి వెళ్లి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ తిట్టనూ లేదు, జాలిపడనూ లేదు. "అచ్చినవా? కూసో" అన్నారట, అంతే.

వరంగల్ వైపు వాళ్ల సొంతూళ్లో రేపు ఆవిడ దినాలు. మా వాడొక్కడే బయల్దేరాడు. అటువైపు దినాలంటే మాంసంతో పాటు మందూ పోస్తారని నాకు తెలుసు, వాడికీ తెలుసు. నిన్న చర్లపల్లి స్టేషన్‌కు వాడితో వెళ్లాను. చెప్పాలనుకున్న మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"దుప్పటి పెట్టుకున్నావా?" అన్నాను.

"నువ్వు అడగాలనుకున్నది అది కాదుగా?"

"కాదు. అడుగుతున్నది మాత్రం అదే."

ఇద్దరం పకపకా నవ్వాం. రైలు కదిలింది. మీసాలు నెరిసిన మనిషి, బళ్లో కొత్తగా చేరిన పిల్లాడిలా తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. రైలు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి ఎండలో ఊగుతూనే ఉంది. నేనూ నా చెయ్యి దించలేదు.