తొమ్మిది వేల ఎనిమిది వందల ఊరు

2016 జూన్ 6, సోమవారం నాడు డోన్ దగ్గర ఒక మండలంలో సహాయ గణాంక అధికారిగా చేరాను. వర్షపాతం, పంటల విస్తీర్ణం, జనన మరణాలు నమోదు చేసి జిల్లాకు పంపడం ఆ ఉద్యోగం. మండల కార్యాలయంలో నా బల్ల తలుపు వెనక ఉండేది. తలుపు తీసి ఉన్నంతసేపూ గణాంక శాఖ ఎవరికీ కనిపించేది కాదు.

ఆ ఏడాది ఒక అదనపు పని అప్పగించారు. నాపరాళ్ళ గనులున్న ఒక ఊళ్ళో అరవై కుటుంబాల నెల ఆదాయం అడిగి మధ్యగతం తేల్చాలి. ఐదేళ్ళకు అవే ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ తేల్చాలి. మధ్యగతం సగటు కాదు. ఆదాయాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి నడుమనున్నది తీసుకోవడం. ఊళ్ళో ఒక్క గని యజమాని ఉంటే చాలు, సగటు లెక్కలో కూలీలు కూడా కాగితం మీద కలిగినవాళ్ళయిపోతారు. మధ్యగతంలో ఆ ప్రమాదం లేదు. అరవై సరిసంఖ్య కనుక ముప్పయ్యో అంకెనూ ముప్పై ఒకటో అంకెనూ కూడి సగం చేయాలి.

మొదటి ఇంట్లోనే సంగతి అర్థమైంది. ఆదాయమెంత అని అడిగితే ఇంటాయన లోపలికి కేకేశాడు. "ఏమే, మన ఆదాయం యాడ పెట్టినావు? మేడమ్ అడుగుతాండారు." ఆమె బీరువాలోంచి లామినేషన్ చేయించిన ఆదాయ ధ్రువపత్రం తెచ్చింది. దాని మీద ఎంత ఉంటే వారి ఆదాయం అంత. బియ్యం కార్డుకు అప్పట్లో గ్రామాల్లో హద్దు నెలకు ఐదు వేలు. మధ్యగతం నాలుగు వేల తొమ్మిది వందలు వచ్చింది.

2021 ఫిబ్రవరిలో రెండోసారి వెళ్ళాను. ఈలోగా ఆ ఊరి పాలిష్ ఫ్యాక్టరీల్లో రెండు మూతపడ్డాయి, బోర్లు ఎండాయి, కరోనా వచ్చింది, కార్డు హద్దు మాత్రం పది వేలకు పెరిగింది. మధ్యగతం తొమ్మిది వేల ఎనిమిది వందలు. పైసా తేడా లేకుండా రెట్టింపు.

అరవై ఇళ్ళలో హద్దు దాటి చెప్పింది ఎస్తేరమ్మ ఒక్కతే. తను కూలికి పోతుంది, కొడుకు ఫ్యాక్టరీలో రాళ్ళు కోస్తాడు. భర్తకు మూత్రపిండాలు చెడి కర్నూలులో డయాలసిస్ జరుగుతోంది. ఆయనకొచ్చే పింఛను బియ్యం కార్డు మీద ఆధారపడినది. అయినా వేళ్ళ మీద కూడి పదిహేడు వేలని చెప్పింది.

పక్కింటి లక్ష్మీదేవి గోడ మీదనుంచి అందుకుంది. "అక్కా, నీకేమన్నా పిచ్చా? నువ్వొక్కదానివి నిజం చెప్తే మేమంతా అబద్ధాలు చెప్పినట్లయితాది గదా!"

"ఆదివారం గుళ్ళో ఒక మాట, సోమవారం మేడమ్ ముందర ఒక మాట నాకు చేతగాదు లేమ్మే" అంది ఎస్తేరమ్మ.

నివేదిక అందగానే జిల్లా ఉపసంచాలకులు ఫోన్ చేసి అభినందించారు. పెరిగింది ఆదాయం కాదు, హద్దు అని చెప్పి, ఇంటి ఖర్చులు అడిగి మరోసారి లెక్క వేయడానికి అనుమతి కోరాను. "రెట్టింపయిందని పైకి చెప్పేసినాను మేడమ్. ఇప్పుడు తగ్గితే ఆ తగ్గిన దుడ్లు మీ జీతంలోంచి పంచుతారా?" అన్నారు. నా అభిప్రాయాన్ని చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేశారు.

వారం తర్వాత ఆయన నుంచే మరో ఉత్తరం వచ్చింది. హద్దు దాటిన కుటుంబం పేరు పంపితే కార్డు రద్దుకు సిఫారసు చేస్తారట. యాభై తొమ్మిది ధ్రువపత్రాలను నమ్మిన కార్యాలయానికి అనుమానం వచ్చింది ఆ ఒక్క నిజం మీదనే. సేకరించిన వివరాలు గణాంకాలకు తప్ప మరి దేనికీ వాడబోమని ప్రశ్నపత్రం మొదటి పేజీలోనే అచ్చయి ఉంది. ఆ పేజీ జతచేసి, పేరు ఇవ్వలేనని రాశాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. అదే రోజు జవాబిచ్చాను. పేరు పంపలేదు, కార్డు పోలేదు.

కానీ జిల్లాలో ఏదో జాబితా అడుగుతున్నారన్న వార్త నాకంటే ముందే ఊరు చేరింది. నిబంధన ప్రకారం పదింట ఒక ఇంటిని మళ్ళీ తనిఖీ చేయాలి. చీటీలు తీస్తే వచ్చిన ఆరింటిలో ఎస్తేరమ్మ ఇల్లుంది. వెళ్ళేసరికి భర్త మంచం మీద పడుకుని ఉన్నాడు. ఆమె నన్ను కూర్చోమని, లోపలి నుంచి ధ్రువపత్రం తెచ్చి ఇచ్చింది.

"తొమ్మిది వేల ఎనిమిది నూర్లు రాసుకోండి మేడమ్."

అప్పుడు పదిహేడు వేలన్నావు కదా అన్నాను.

"అప్పుడు మీరొక్కరే అడిగినారు. ఇప్పుడు ఆఫీసంతా అడుగుతాండాది" అని భర్త వైపు చూసింది.

చెప్పింది చెప్పినట్లు రాయడమే నియమం కనుక రాశాను. పట్టికను మళ్ళీ పేర్చి చూశాను. ముప్పయ్యో అంకె, ముప్పై ఒకటో అంకె కదల్లేదు. ఎస్తేరమ్మ నిజం చెప్పినప్పుడూ, మానుకున్నప్పుడూ మధ్యగతం ఒకటే.

ఆదాయం అడగబోయే ముందు, నిజం చెబితే ఆ ఇంటికి ఏం పోతుందో తెలుసుకోవాలని ఆ పని వల్ల నేర్చుకున్నాను. మా ప్రశ్నపత్రంలో నలభై రెండు గడులున్నాయి. దానికి మాత్రం గడి లేదు.