పట్టు కోసం నల్లగొండ దాకా

మా బండికి టైర్లు కొనడానికి కోస్గి నుంచి నల్లగొండ దాకా పోయి వచ్చాం. ఇలాంటి పని మీద ఎవరైనా పోదలచుకుంటే పనికొస్తుందని రాస్తున్నాను. నిజం చెప్పాలంటే నేను బయలుదేరింది టైర్ల కోసం కాదు, చీర కోసం.

మా ఆయన పశువుల దవాఖానలో పనిచేస్తాడు. ఊరూరా తిరిగి గొడ్లకూ గొర్లకూ సూదులు వేస్తాడు. నలభై ఎనిమిదో ఏట ఆయనకు స్పోర్ట్స్ బండి మీద మనసైంది. ఎవరో కాలేజీ అబ్బాయి అమ్ముతుంటే పోయిన దసరాకు కొనుక్కొచ్చాడు. ఎర్రటిది. నడిపేవాడు ముందుకు బోర్లా వంగాలి, వెనక కూర్చునేవాళ్లు అటక ఎక్కినట్టు కూర్చోవాలి. మందుల ఐసు డబ్బా వీపుకు కట్టుకుని, ఆ బండి మీద వంగి ఆయన ఊళ్లోకి వస్తుంటే సూది కనబడకముందే బర్రెలు బెదురుతున్నాయని మా బడి పిల్లలు చెప్పి నవ్వారు. నేను కోస్గికి దగ్గరి పల్లెలో తెలుగు టీచర్ని.

కందులు రోడ్డు మీద ఆరబోసే రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం నన్ను బడి నుంచి తీసుకొస్తూ, మలుపులో ఆగకుండా కందుల మీదికే పోనిచ్చాడు. బండి జారింది, ఇద్దరం పడ్డాం. నా మోచెయ్యి గీరుకుపోయింది, ఆయన మోకాలు వాచింది, బండి ముందు భాగం వంగింది.

"టైర్లకు పట్టు లేదు" అన్నాడు లేస్తూనే.

"నీకు నిదానం లేదు" అన్నాను.

బండి మహబూబ్‌నగర్‌లో మెకానిక్ దగ్గరికి పోయింది. నేను ఆటో ఎక్కాను. ఇక ఆ వెనక సీటు ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్లలో ఆయన ఏ బండి కొన్నా వెనక సీటు నాదే. నేను ఎక్కకపోతే అమ్మేస్తానని ఆయన అన్నాడు. అనేటప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. ఒట్టు మాత్రం తీసి గట్టున పెట్టలేదు.

ఒక పొద్దున ఆయన ఫోనులో మాట్లాడుతుంటే వంటింట్లో నా చెవిన పడింది.

"మంచి పట్టు గావాలె భాయ్. పైసల ఫికర్ లేదు, మా ఇంట్లామె కోసమే. నలుపే ఉంటదా? ఉండనీ, నలుపే మంచిగుంటది. నల్లగొండకే వస్తం."

ఫోను పెట్టేసి, "శనివారం నల్లగొండ పోదం టీచరమ్మా. నువ్వు చూసి మంచిదంటెనే కొంట" అన్నాడు.

ఇంకేం కావాలి? పోచంపల్లి అంటే మావాళ్లకు ఇప్పటికీ నల్లగొండ కిందే లెక్క. పడేసినందుకు పట్టు చీర పెడుతున్నాడనుకున్నాను. నల్ల చీరకు ఎర్ర అంచు ఉంటే ఎలా ఉంటుందో రెండు రోజులు ఊహించుకున్నాను. జాకెట్టుకు కొలత రవిక కూడా సంచిలో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున ఆరుంబావుకు కోస్గిలో బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే నాకు జీరో టికెట్, ఆయనకు నిండు టికెట్. ఎనిమిది కాకముందే మహబూబ్‌నగర్ చేరాం. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ కంటే పల్లీ చట్నీ బాగుంది, రెండోసారి అడిగితే విసుక్కోకుండా పోశారు. ఎనిమిదిన్నరకు నల్లగొండ బస్సు. ఈ దారిలో పోయేవాళ్లు ఎడమవైపు కూర్చోండి, ఎండ తక్కువ. మేము కుడివైపు కూర్చున్నాం. కిటికీ పక్క సీటు నాకిచ్చి ఆయన మర్యాద చూపించాడు, ఎండంతా నాకే వచ్చింది.

జడ్చర్ల దాటింది. పత్తి ఏరిన చేలు, గుట్టలు, మళ్లీ చేలు. పదిన్నరకు కల్వకుర్తిలో బస్సు పది నిమిషాలు ఆగింది. చాయ్ తాగుతూ నేను వేసుకున్న పథకం చెప్పాను.

"నల్లగొండల దిగి చిట్యాల బస్సెక్కుదం. ఆడికెళ్లి పోచంపల్లి ఎంత సేపు?"

"పోచంపల్లి ఎందుకు?" అన్నాడు.

"పట్టు కోసం పోతున్నం గద?"

ఆయన జేబులోంచి ఒక చీటీ తీశాడు. దాని మీద 140/70-17 అని రాసి ఉంది. అది ఏ చీర పొడవూ కాదని నాకు అర్థమైంది. ఆయనకు అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది. అయ్యాక నవ్వు ఆపుకోవడానికి చాయ్ గ్లాసులో మొహం దాచుకున్నాడు.

ఎనిమిదో తరగతికి ఏటా నానార్థాలు చెప్పేది నేనే. పట్టు అంటే చీనాంబరం, పట్టు అంటే పిడికిలి బిగువు అని బోర్డు మీద రాయించేదీ నేనే. మోసపోయిందీ నేనే. కల్వకుర్తి నుంచి ఎండను కూడా లెక్కచేయకుండా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను.

కూరగాయల గంపతో ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్న పెద్దామె సంగతంతా అడిగి తెలుసుకుని నవ్వింది.

"మా ముసలాయన నయమా బిడ్డా? ఒకపారి 'నీకు బంగారం తెస్తున్న' అని ఫోన్ చేసిండు. సంతకెళ్లి దూడను పట్కొచ్చిండు. దాని పేరు బంగారమంట!"

"మరి ఏం చేసినవ్ అవ్వా?"

"ఏం చేస్త? నాలుగేండ్లు పాలు పిండిన."

మల్లేపల్లిలో ఆమె దిగింది. నా కోపం కూడా సగం అక్కడే దిగిపోయింది. హైదరాబాదు దగ్గర కదా, టైర్ల కోసం నల్లగొండ ఎందుకని అప్పుడు అడిగాను. మా మెకానిక్‌కు పని నేర్పిన ఉస్తాద్ నల్లగొండలో ఉన్నాడట, ఆయన చెబితే మోసం ఉండదట.

ఒంటిగంటకు దిగి, గడియారం సెంటర్ దగ్గర భోజనం చేసి, రెండున్నరకు దుకాణానికి పోయాం. ఉస్తాద్ ఇస్మాయిల్ భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. తెల్ల గడ్డం, నల్ల చేతులు.

"ఫోన్ల చెప్పినవు గద సారూ, చెల్లె పడ్డదని. చెల్లెనే చూడనీ" అని నాకు స్టూలు వేశాడు.

చీర చూడబోయి టైరు చూస్తున్నాను. అయినా చూడడం చూడడమే. వెనక టైర్లు మూడు తెచ్చి నిలబెట్టాడు. మా ఆయన చెయ్యి వెంటనే అన్నిటికంటే వెడల్పుదాని మీద పడింది.

"గిది పెడ్తె బండి రువాబే వేరుంటది."

"నీ రిమ్ముకు అది పెద్దది సారూ. పెద్దన్న చెప్పులేసుకొని ఉరికినట్టుంటది. మలుపుల సక్కగ వంగది. కంపెనీ ఇచ్చిన సైజే ఎయ్యి."

ఇక రెండు మిగిలాయి. "ఇది గట్టిది, మస్తు దినాలొస్తది. అది మెత్తది, జల్ది అరుగుతది" అన్నాడు భాయ్.

"గట్టిదే ఇయ్యి" అన్నాడు మా ఆయన ఆలోచించకుండా. మా దిక్కు అంతే. మంచం గట్టిదైతే మంచిది, మనిషి గట్టివాడైతే మంచివాడు. మా పెళ్లిచూపుల నాడు మా నాయిన ఈయన్ని చూసి, "పిల్లగాడు జర మెత్తగున్నడు" అని పెదవి విరిచాడు.

"ఏది పట్టుకుంటది భాయ్, గట్టిదా మెత్తదా?" అని అడిగాను.

భాయ్ నా వైపు తిరిగి కూర్చున్నాడు. "గదీ అడగాల్సింది! మెత్తదే చెల్లె. గట్టిది రోడ్డు మీద పోతది, మెత్తది రోడ్డును పట్టుకుంటది. తడి రోడ్డు మీద తెలుస్తది తేడా."

రెండిటినీ బొటనవేలి గోరుతో నొక్కి చూశాను. గట్టిదాని మీద గోరు జారింది, మెత్తదాని మీద సన్నటి గీత పడి మెల్లగా మాయమైంది. పక్కన నాలుగు అంకెలు అచ్చేసి ఉంటే అవేమిటని అడిగాను. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం అని చెప్పాడు. పాల ప్యాకెట్టు తారీఖు చూసే మనిషిని, టైరు తారీఖు వదులుతానా? మెత్తదాని వయసు నాలుగు నెలలే, అదే ఖాయం చేశాను. దానికి జోడీగా ముందు టైరు కూడా తారీఖు చూసే తీయించాను. రెండూ కలిపి ఎంతైందో ఆయన చెప్పలేదు. మంచి పోచంపల్లి చీర వచ్చేదని ఆయన చూపే చెప్పింది.

డబ్బిచ్చేటప్పుడు భాయ్ రెండు మాటలన్నాడు.

"కొత్త టైరుకు మీద నున్నటి పొర ఉంటది సారూ. మొదటి నూటయాభై కిలోమీటర్లు నిదానం పోవాలె. ఇంకోటి, కందుల మీద ఏ టైరూ ఆగది. ఆడ బ్రేకులు కావు, బుద్ధి గావాలె."

నేను అనాల్సిందంతా భాయే అనేశాడు.

ఆ రాత్రికి బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు పొద్దున ఏడు దాకానే. మంచం పక్కన రెండు టైర్లు, పరాయి ఇంటికొచ్చిన చుట్టాల్లా గోడకానుకుని నిలబడ్డాయి.

ఆదివారం ఏడున్నరకు తిరుగు బస్సు. కండక్టరమ్మ మమ్మల్నీ టైర్లనూ మార్చి మార్చి చూసింది.

"అక్కా నీకు జీరో టికెట్. సారుకు టికెట్. టైర్లకు లగేజీ."

"నా ఒక్కనికేనా గీ ఖర్చంత?" అన్నాడు మా ఆయన.

"టైర్లకు ఆధార్ కార్డుంటె తీయి సారూ, ఆడోళ్లని ఉంటె జీరో కొడ్త."

బస్సంతా నవ్వింది. ఒక టైరు ఆయన కాళ్ల దగ్గర, ఇంకొకటి నా ఒళ్లో. కొత్త రబ్బరు వాసన మహబూబ్‌నగర్ దాకా నన్ను వదల్లేదు.

పన్నెండు దాటాక దిగాం. మెకానిక్ గంటన్నరలో టైర్లు బిగించి బండిని బయట నిలబెట్టాడు. బస్టాండు రెండు వీధుల అవతలే. కోస్గి బస్సు రెండున్నరకు, నా ఆధార్ కార్డు సంచిలోనే ఉంది. మా ఆయన రమ్మనలేదు. హెల్మెట్ పెట్టుకుని, ఇంకొక హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

నాకు భయం పోలేదు. మోచెయ్యి ఇంకా మండుతూనే ఉంది. కానీ నూటయాభై కిలోమీటర్లు నిదానంగా నడపాలని ఉస్తాద్ చెప్పాడు కదా, ఈ మనిషి నిదానంగా నడిపే యాభై అరవై కిలోమీటర్లు మళ్లీ ఎప్పుడు దొరుకుతాయి? అటక ఎక్కాను. సీటు వెనక కడ్డీని రెండు చేతులా బిగించాను.

హన్వాడ దాటేదాకా సైకిళ్లు తప్ప అందరూ మమ్మల్ని దాటిపోయారు. ఒక ట్రాక్టరు డ్రైవరైతే వెనక్కి తిరిగి చూసి మరీ నవ్వాడు. ఆయన పట్టించుకోలేదు.

కోస్గి ఇంకా ఆరేడు కిలోమీటర్లుందనగా రోడ్డు సగం మేర కందులు పోసి ఉన్నాయి. నేను నోరు తెరవకముందే ఆయన వేగం తగ్గించి, దూరంలోనే ఆపి, "దిగు" అన్నాడు. తనూ దిగాడు. ఆ ఎర్రటి బండిని గొడ్డును నడిపించినట్టు పక్కన పట్టుకుని రోడ్డు దిగువ మట్టిలోంచి మెల్లగా నడిపించాడు. నేను వెనకే నడిచాను.

కందులను వంగి పల్చగా నెరుపుతున్న ఒక అవ్వ నడుము నిలబెట్టి చూసింది. "బండి ఖరాబైందా బిడ్డా?"

"లేదవ్వా, మంచిగనే ఉన్నది" అన్నాడు. కొంచెం ఆగి, "మా టీచరమ్మ ఎక్కింది" అన్నాడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందనుకుంటుందిలే అని అవ్వ వైపే తిరిగి తుడుచుకున్నాను. నల్లగొండ దాకా పోయి టైర్లకు కొన్న పట్టు బాగానే ఉంది. నాకు కావలసిన పట్టు మాత్రం ఆ మట్టిలో దొరికింది.

కందులు దాటాక మళ్లీ ఎక్కాను. ఈసారి కడ్డీ వదిలేసి ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"పట్టుకున్నవా?" అన్నాడు తల తిప్పకుండా.

"పట్టుకున్న. చీర సంగతి గూడ పట్టుకునే ఉన్న. పోనియ్యి."