కిచిడీ గిన్నె మోసినవాడి రాయి

మరైగూడ రోడ్డు పక్కన స్తూపం కడుతున్నామని, దాని ఒక వైపు హిందీ ఉంటుందని, రెండో వైపుకి తెలుగులో నాలుగు మాటలు రాసివ్వమని, ఒక నాయకుడి మనిషి సరిహద్దు ఊరు కొంటాలోని మా ఇంటికి వచ్చాడు. ఆ నాయకుడు రాజకీయాల్లోకి రాకముందు అక్కడి జవాన్ల క్యాంపులో వంటవాడు. అక్కడ కాల్పులు జరిగిన రోజు తూటాల మధ్య జవాన్లకు కిచిడీ మోసుకెళ్లాడట.

అన్నం మోయడం చిన్న పనని నేననను. నా అనుమానమల్లా ఒకటే: ఇన్నేళ్లూ ఎవరికీ గుర్తురాని కిచిడీ ఎన్నికల ముందే ఎందుకు పొంగింది?

"చూసినవాళ్లు ఎవరున్నారు?" అన్నాను.

"స్తూపానికి కూడా సాక్షులా గురూజీ?"

"దేవుడికే సాక్షుల్ని అడిగేవాణ్ణి. మీ నాయకుడికి అడగనా?"

మర్నాడు ఆ చోటు చూడబోయాను. స్తూపం కోసం సున్నంతో గీత గీసిన చోట నడుమన ఒక నిలువు రాయి ఉంది. అది పక్క పొలంలోని దోర్ల తెగ ముసలమ్మ మొగుడిది. ఆయన ఆ కాల్పుల తర్వాతెప్పుడో జ్వరంతో పోయాడు. పోయినవాళ్లకు రాయి నిలిపి, వాళ్ల వస్తువొకటి దాని మొదట్లో ఉంచడం అక్కడి ఆచారం. ఇక్కడ ఉంచింది పెద్ద సత్తు మూత. దాని మీద క్యాంపు నంబరు ఇంకా చెరగలేదు.

"ఇదేంది అవ్వా?"

"ఆ కిచిడీ గిన్నెదే. మీ నాయకుడు గిన్నె నా గుడిసెల దించి మంచం కింద దూరిండు. మోసింది మా ముసలోడు. మూత ఒక్కటే పట్టుకొని తిరిగొచ్చిండు. ఇప్పుడు బతికున్నోడికి రాయి నిలుపుతరంట, మా ముసలోడిది పీకేసి!"

"నువ్వు కళ్లారా చూశావా?"

"చూడకేంది సారూ? మంచం కింద వాడి పక్కన్నే ఉంటిని!"

ముసలాయన ఎంత దూరం వెళ్లాడో ఆమె చూడలేదు. మూత కూడా గిన్నె ఇక్కడిదాకా వచ్చిందనే చెబుతుంది. అందుకని నాకు తెలిసినంతే రాశాను: "కాల్పుల రోజున జవాన్లకు కిచిడీ ఈ దారినే వెళ్లింది. ఎవరు మోశారో ఈ పొలంలోని అవ్వనడగండి."

అది చదివి నాయకుడి మనిషి మొహం మాడ్చుకున్నాడు. "ఇది చెక్కించలేం గురూజీ."

"వద్దులే. ఆ రాయి మాత్రం కదపకండి. కదిపారా, అవ్వను ఆవిష్కరణ సభకు తీసుకొస్తాను. మంచంతో సహా."

స్తూపం పదడుగులు అవతలికి జరిగింది. దాని హిందీ వైపు తూటాలూ కిచిడీ అన్నీ ఉన్నాయి, తెలుగు వైపు ఏమీ లేదు. ఆ దారిన బస్సులో వెళ్లినప్పుడల్లా అవ్వ రాయి ఉందో లేదో తల బయటపెట్టి చూస్తాను. ఇప్పటికైతే ఉంది.