సూట్‌కేసు కాటాతో బిగించిన ఎనిమిది బోల్టులు

2017 నవంబర్ 10, శుక్రవారం. కెనడాలోని ఓక్‌విల్ దగ్గర కార్ల విడిభాగాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. ఆ సాయంత్రం ఏడింటికి నా విమానం. మంగళవారం కాకినాడలో మా తమ్ముడి షష్టిపూర్తి. మేనేజరు షరతు ఒకటే: ఇనుప రేకులను అచ్చులో నొక్కే పెద్ద ప్రెస్సు మధ్యాహ్నం షిఫ్టుకు సిద్ధమై, నేను సంతకం పెట్టాకే సెలవు.

ప్రెస్సు బల్లను పట్టి ఉంచే బోల్టులు ఎనిమిదీ తుప్పుపట్టాయి, వాటి స్థానంలో కొత్తవి వేయాలి. వాటికి నూనె పోసి అరగంట ఆగి, తలల మీద సుత్తితో తట్టి, రెంచి పిడికి పాత పైపు తొడిగి, నేనూ యాదగిరి గారూ విప్పాం. ఆయనది వరంగల్, మా సీనియర్ మెకానిక్.

విప్పడానికి బలం చాలు, బిగించడానికి కొలత కావాలి. ఒక్కో బోల్టుకు 490 న్యూటన్ మీటర్లు. తగ్గితే బల్ల కదులుతుంది, మించితే బోల్టు సాగుతుంది. ఆ కొలత చూపే టార్క్ రెంచి మాకున్నది ఒక్కటే, అదీ తనిఖీకి వెళ్లింది. అద్దెకు తెచ్చే బడ్జెట్ లేదన్నారు.

టార్క్ అంటే లాగే బలాన్ని దూరంతో గుణించడమే. నా కారులో సూట్‌కేసులు తూచే హుక్కు కాటా ఉంది. బోల్టు మధ్య నుంచి 1.25 మీటర్ల దూరంలో పైపు మీద గీత గీశాను. అక్కడ కాటా తగిలించి నలభై కిలోల బలంతో, అంటే 392 న్యూటన్లతో, లాగితే సరిగ్గా 490.

ముందు కాటాను సరిచూడాలి. షిప్పింగ్ వాళ్ల పెద్ద తూకం మీద నలభై కిలోలు తూగిన ఇనుమును దానికి వేలాడదీస్తే 38.6 చూపింది. అంటే 38.6 దగ్గరే ఆగాలి.

"మేడం, గట్లయితే మీ సూట్‌కేస్ సంగతేంది?" అన్నారు యాదగిరి గారు. ఇంట్లో ఇదే కాటాతో తూస్తే సూట్‌కేసు 22.5 చూపింది. లెక్క వేస్తే 23.3, విమానం వాళ్లు ఒప్పుకునేది 23.

"ముందు బోల్టులు. మీరు నవ్వుతుంటే అంకె ఊగుతోంది, నవ్వకుండా లాగండి."

ఎదురెదురు బోల్టుల వరుసలో, మూడు విడతలుగా, పైపుకు లంబంగా లాగుతూ ఎనిమిదీ బిగించాం. 1:20కి సంతకం పెట్టాను. పార్కింగ్‌లో సూట్‌కేసు తెరిచి 600 గ్రాముల చాక్లెట్లు తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇట్లాంటి రిపేర్ నెలకొకటి రావాలె మేడం!" అన్నారు. విమానాశ్రయంలో సూట్‌కేసు 22.7 తూగింది. షష్టిపూర్తిలో ముందు వరుసలో కూర్చున్నాను.

డిసెంబర్ 4న తనిఖీ నుంచి వచ్చిన టార్క్ రెంచితో చూశాం. ఎనిమిది బోల్టులూ కదలలేదు. ప్రతిసారీ రెంచి 490 దగ్గర, బిగింపు సరిపోయిందన్నట్టు, టక్కుమంది.

ఎంత చవకైన పరికరంతోనైనా పని జరుగుతుంది, దాని తప్పు ఎంతో ముందే తెలిస్తే. అది తెలుసుకోవడానికి ఆ రోజు పట్టింది పది నిమిషాలు.