ఛత్రినాక ఎత్తులో ట్రాన్స్‌ఫార్మర్ ట్రైలర్

పదవీ విరమణకు రెండేళ్ల ముందు నన్ను పాతబస్తీకి బదిలీ చేశారు. విద్యుత్ పంపిణీలో సహాయ డివిజనల్ ఇంజినీర్‌ని. మా వాడుకలో ఏడీఈ. నా కింద ఒక మరమ్మతు బృందం, జల్‌పల్లిలో ఒక యార్డు, ఆ యార్డులో ట్రైలర్ మీద బిగించిన ట్రాన్స్‌ఫార్మర్ ఉండేవి. ఎక్కడైనా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే, కొత్తది పెట్టేదాకా దీన్ని లారీతో లాక్కెళ్లి కరెంటు ఇచ్చేవాళ్లం. నూనెతో కలిపి బరువు దాదాపు ఏడు టన్నులు.

ఆ ఏడాది బోనాల ఆదివారం పొద్దున ఛత్రినాకలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇంటింటా చుట్టాలు. మోటార్లు ఆగి నీళ్లు లేవు. అదే లైన్ మీద ఉన్న చిన్న ప్రసూతి ఆసుపత్రి జనరేటర్‌తో నడుస్తోంది. డీజిల్ మధ్యాహ్నం దాకా కూడా వచ్చేలా లేదని అక్కడి డాక్టరమ్మ ఫోన్ చేసింది. మా ట్రైలర్‌ను లాగే లారీ ఏమో ఇంజిన్ విప్పేసి యార్డులో నిలబడి ఉంది. బార్కస్ నుంచి సలీం అనే ఆయన్ని, ఆయన సొంత లారీతో అద్దెకు పిలిపించాం.

లారీ రాగానే నేను వెనకవైపు చూశాను. మా ట్రైలర్ ముందు కడ్డీకి చివర పెద్ద ఇనుప రింగు ఉంటుంది. ఆ రింగును దవడలా పట్టి, తాళం పడే హుక్ లారీకి ఉండాలి. సలీం లారీకి ఉన్నది రెండు ఇనుప చెవుల మధ్య పైనుంచి దించే పిన్ను. అది రింగులో వదులుగా ఆడుతోంది. అంత సందు ఉంటే కదిలినప్పుడల్లా, బ్రేకు వేసినప్పుడల్లా రింగు ఆ పిన్నును సుత్తిలా కొడుతుంది. పిన్ను పైకి ఎగరకుండా తాళం కూడా లేదు.

"ఏం గాదు మేడం. గిట్లనే మస్తు సార్లు గుంజిన. ఫికర్ జెయ్యకుండ్రి," అన్నాడు సలీం.

ఏం లాగావని అడిగాను. కాంక్రీటు కలిపే మిషను అన్నాడు. దాని బరువు వేరు, దీని బరువు వేరు అన్నాను.

ఇంతలో నా పై అధికారి డీఈ గారి ఫోన్. ఇంకా బయల్దేరలేదా, నెమ్మదిగా నడిపిస్తే సరిపోదా అని అడిగారు. దారిలో ఎత్తు ఉందనీ, ఇవాళ ఆ ఎత్తు నిండా జనం ఉంటారనీ చెప్పాను. ఆలస్యానికి సంజాయిషీ మీరే ఇచ్చుకోవాలన్నారు. సరేనన్నాను. ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన పిల్లలున్నారన్న సంగతి నేనేమీ మరిచిపోలేదు. ముందు రెండు డ్రమ్ముల డీజిల్ జీపులో అక్కడికి పంపించాను.

మా లారీ, సలీం లారీ ఒకే రకం. వెనక అడ్డకమ్మీకి బోల్టు రంధ్రాలు సరిపోయాయి. మా లారీ హుక్ విప్పించి, కొత్త బోల్టులతో, లోపల మందపాటి ఇనుప పలకతో దీనికి బిగించాం. రింగు పట్టించి తాళం వేశాక, రెండు భద్రతా గొలుసులను కడ్డీ కింద ఒకదాన్నొకటి దాటేలా కత్తెరలా తగిలించాం. అలా వేస్తే హుక్ ఊడినా కడ్డీ రోడ్డుకు గుచ్చుకోకుండా గొలుసుల మీద పడుతుంది. లారీ నుంచి ట్రైలర్‌కు బ్రేకు గొట్టాలు కలిపి, యార్డులోనే ఒకసారి నడిపి ఆపి చూశాం. సలీం ముఖం చిట్లించుకునే ఉన్నాడు, కానీ చెప్పినదల్లా చేశాడు.

ఛత్రినాక ఎత్తు సగం ఎక్కాక ముందు ఒక ఆటో ఆగిపోయింది. లారీ కూడా ఆగాల్సి వచ్చింది. మా లైన్‌మెన్ ట్రైలర్ చక్రాల వెనక చెక్కలు పెట్టారు. నేను దిగి చూస్తే, ట్రైలర్‌కు నాలుగడుగుల దూరంలో బోనాలెత్తిన ఆడవాళ్లు, వాళ్ల వెనక వీధి పట్టనంత జనం. వెనక్కి తగ్గమని బతిమాలాను.

ముందున్న పెద్దావిడ ఒప్పుకోలేదు. "బోనం ఎత్తినంక ఎనుకకు మర్లం బిడ్డా. నీ బండినే ముంగటికి తియ్యి."

"వెనక్కి వద్దమ్మా, పక్క సందులోకి జరగండి. ఇది కదిలేటప్పుడు వెనకాల ఎవరూ ఉండకూడదు."

"ఏంది, తెగుతదా?"

"తెగదు. అయినా ఉండొద్దు."

ఆవిడ గొలుసులకేసి ఒకసారి చూసి, కుండ సర్దుకుని సందులోకి నడిచింది. మిగతావాళ్లూ నడిచారు. ఆటోను జనమే పక్కకు నెట్టారు. సలీం బ్రేకు వదిలి లారీని ముందుకు లాగగానే ఏడు టన్నులూ ఒక్కసారిగా హుక్ మీద పడ్డాయి. లారీ వెనక భాగం కిందికి కుంగింది. హుక్ కదల్లేదు. గొలుసులు వదులుగానే ఉన్నాయి. ట్రైలర్ ఎత్తెక్కింది.

మధ్యాహ్నం దాటాక కరెంటు ఇచ్చాం. జనరేటర్ ఆగిపోకముందే ఆసుపత్రి లైన్ మీదికి మారింది. సలీం లారీ దిగి వచ్చి, "మేడం, గీ హుక్ ఏడ దొరుకుతది?" అని అడిగాడు.

డీఈ గారు అన్నట్టే సంజాయిషీ అడిగారు. జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. దానిమీద ఏ చర్యా రాలేదు.

ఆ రోజు ఆలస్యమంతా లారీ వచ్చాక హుక్ మార్చాల్సి రావడంవల్ల అయింది. అప్పటినుంచి బయటి లారీ కావాలని ఫోన్ చేసినప్పుడు, ఎంత బరువు లాగుతుందని మాత్రమే అడిగి ఊరుకునేవాళ్లం కాదు. వెనక ఏ హుక్ ఉంది, తాళం పడుతుందా, బ్రేకు గొట్టాలు కలుస్తాయా అని ముందు అడిగేవాళ్లం. లేదంటే ఇంకో లారీ చూసుకునేవాళ్లం.