సీమకోళ్ళ పాకలో ఒక మధ్యాహ్నం

ఆ రోజుల్లో మనుషులకు అలసట తెలిసేది కాదని ఈమధ్య ఎవరో అంటుంటే విన్నాను. అన్నవారు నాలా చాట్రాయి చుట్టుపక్కల మెట్ట ఊళ్ళలో గ్రామసేవకుడిగా పనిచేసి ఉండరు. అరవైల మొదట్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, నేను పొద్దున ఒక ఊళ్ళో కంపోస్టు గుంట తవ్వించి, ఎండ ముదిరేసరికి మరో ఊళ్ళో మామిడిచెట్లకు మందు కొట్టించి, సాయంత్రానికి గదికి చేరి, సైకిలు గోడకు ఆనించి, దాని పక్కనే నేనూ ఆనుకునేవాణ్ణి. (వంట ఎప్పుడు చేసుకునేవాణ్ణని అడగకండి. చాలాసార్లు చేసుకునేవాణ్ణి కాదు.)

ఆ ఏడు మా ఆఫీసుకు తెల్ల లెగ్‌హార్న్ కోళ్ళు వచ్చాయి. వాటిని ఎవరైనా రైతు చేత పెంచి చూపించాలన్నారు. ఊరూరా అడిగినా, ఆ సీమకోళ్ళను చూసి నవ్వినవాళ్ళేగానీ తీసుకున్నవాళ్ళు లేరు. చివరికి ఒప్పుకున్నది గుట్ట పక్కన చిన్న మామిడితోట చేసుకుంటున్న ఒకావిడ. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి తోట పిన్ని అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. “పొదగని కోడేం కోడి బాబూ?” అంది ముందు. నేను ట్రైనింగులో నేర్చుకున్నదంతా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. నా మాట నమ్మిందో, నా మొహం చూసి జాలిపడిందో, తన నాటుకోళ్ళను చెల్లెలికిచ్చేసి, తవుడు నిలవచేసుకునే మట్టిగోడల పాక ఖాళీ చేసి, సీమకోళ్ళను తెచ్చుకుంది.

నాటుకోడి ఆకుల్లో కలిసిపోతుంది. ఈ తెల్లకోళ్ళు మాత్రం చెట్ల కింద తిరుగుతుంటే ఉతికి ఆరేసిన బట్టల్లా గుట్ట మీదికి కనిపించేవి. ఒకటొకటే మాయమవడం మొదలైంది. “చిరుత బాబూ. రెండు పిల్లల్ని వెంటేసుకుని వస్తోంది,” అంది పిన్ని. ఆ చుట్టుపక్కల చిరుతను చూశామన్నది ఆవిడ మామగారి కాలంలో మాట. పాక ముందు ఇనుప వల కట్టించి, కోళ్ళను అందులోనే తిప్పాలని, వల ఇప్పించమని మా ఆఫీసరుగారిని అడిగాను. “చిరుతలు ఈ తోటల్లోకెందుకొస్తాయయ్యా? అడవిపిల్లి అయ్యుంటుంది. కుక్కను పెంచుకోమను,” అన్నారు. (కుక్క ఉండేది. చిరుత వచ్చిన రోజు నుంచి అది పిన్ని చెల్లెలిగారింట్లోనే ఉండేది.) పిన్ని నన్ను ఒక్క మాటా అనలేదు. “మీరు చెప్పారనే కదా తీసుకున్నాను” అని మాత్రం, మజ్జిగ ఇస్తూ మెల్లగా అనేది. తిట్టినా బాగుండేది. ఆ కోళ్ళన్నీ పోతే ఆవిడకు నాటుకోళ్ళూ లేవు, సీమకోళ్ళూ లేవు. ఇక ఆ ఊళ్ళో నా చేతి మీదుగా ఒక్క విత్తనపు గింజ కూడా ఎవరూ తీసుకోరు.

బతిమాలగా బతిమాలగా, మామిడికాయలు దిగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆఫీసరుగారు వచ్చారు. జీపు రోడ్డు మీదే ఆగిపోతే తోటదాకా నడిచి, చెమటలు కక్కుతూ, తన పెద్ద టోపీ తీసి పాక బయటి మంచం మీద పెట్టారు. పిన్ని భర్త కాయల బండితో హనుమాన్ జంక్షన్ వెళ్ళాడు. ఆఫీసరుగారు వంగి పాకలోకి దూరారు, వెనకే నేనూ దూరాను. కోళ్ళు ఎండకు నోళ్ళు తెరుచుకుని నీడన కూర్చున్నాయి. ఇంతలో పాకకు ఎదురుగా ఉన్న తన ఇంటి వసారాలోంచి పిన్ని గొంతు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత నెమ్మదిగా వినిపించింది.

“బాబూ, తలుపు లోపల్నుంచి వేసుకోండి. వచ్చింది.”

తలుపు వేసింది నేను కాదు, ఆఫీసరుగారు. ఆ తలుపుకు గడియ కూడా లేదు, భుజం ఆనించి నిలబడ్డారు. పిన్ని తన వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని, కిటికీలోంచి మాకు కబుర్లు అందించడం మొదలుపెట్టింది.

“రసం మామిడిచెట్టు కింద పడుకుందండీ.”

“ఇప్పుడేం చేస్తోందమ్మా?” ఆఫీసరుగారు గొంతు తగ్గించి అడిగారు.

“ఆవులిస్తోందండీ. పిల్ల మీ టోపీ పట్టుకుంది.”

“టోపీ పోతే పోయింది.”

“మీరు మాత్రం తలుపు తియ్యకండి. లోపల కోళ్ళున్నాయి.”

మా ఇద్దరి సంగతి ఆవిడకు గుర్తుందో లేదో అడిగే సమయం కాదది. ఉక్కపోతకు నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అప్పుడే ఒక కోడి, ఆఫీసరుగారి బూటు పక్కన, తీరిగ్గా గుడ్డు పెట్టింది. పెట్టిన కోడి ఊరుకోదు కదా. పాక కప్పు ఎగిరిపోయేలా అరవడం మొదలుపెట్టింది.

“దాని నోరు మూయించవయ్యా,” అన్నారాయన.

“ఎలాగండీ?”

“నువ్వేగా ట్రైనింగైంది.”

దాన్ని పట్టుకుని చొక్కాలో దోపుకున్నాను. అది నా పొట్టను రక్కుతూ మరింత అరిచింది. బయట పిన్ని, “లేచింది,” అంది. గోడకవతల ఏదో ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆఫీసరుగారు తలుపుకి భుజం ఆనించే, సందులో కన్ను పెట్టి, వెనక్కి చెయ్యి చాపి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయనా నాలాగే భయపడుతున్నారని తెలిశాక నా భయం కాస్త తగ్గింది. ఇంత అలసిపోయి కూడా నేను భయపడగలుగుతున్నానే అని వింతగా అనిపించింది.

చివరికి, “చెట్టు నీడ తిరిగింది, ఎండ తగిలి వెళ్ళిపోతోందండీ,” అంది పిన్ని. మేం బయటికొచ్చాం. ఆవిడ ముందు కోళ్ళను చూసుకుని, తర్వాత మాకు మజ్జిగిచ్చింది. ఆఫీసరుగారు జుట్టులో ఈకలతోనే రెండు గ్లాసులు తాగి, “అడవిపిల్లి కాదులే,” అన్నారు.

ఇనుప వల తొలకరి పడ్డాక వచ్చింది. చిరుత మళ్ళీ రాలేదు. మిగిలిన కోళ్ళు బాగా పెట్టాయి, మరుసటి ఏడు ఇరుగుపొరుగు వాళ్ళే వచ్చి నన్ను కోళ్ళు అడిగారు.

మా మనవలు ఇప్పటికీ, “తాతయ్యా, చిరుతను అంత దగ్గర్నుంచి చూస్తే ఎలా ఉంది?” అని అడుగుతారు. చెవుల దగ్గర్నుంచి తోకదాకా వర్ణించి చెబుతాను. నిజానికి ఆ పాక తలుపుకి ఉన్నది ఒకే సందు. అందులోంచి చూసింది ఆఫీసరుగారు. నాకు కనిపించింది ఆయన వీపు. కాస్త పక్కకు జరగండి సార్ అని అడగవచ్చని, చొక్కాలో కోడిని పట్టుకుని చెమటలో తడుస్తూ నిలబడ్డ ఆ కుర్రాడికి తోచనే లేదు.