ఏ కాలు తొక్కాలో తెలియని పొద్దు

ఆ రోజు బజారుకు రెండు చెప్పులతో పోయి, ఒక చెప్పుతో ఇంటికి వచ్చాను. ఆ సంగతి నాకు తెలియదు. నడవలో కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతున్న నా భార్య తలెత్తి చూసి, "ఇంకో చెప్పు యాడ?" అంది.

కిందికి చూసుకున్నాను. ఎడమకాలికి చెప్పుంది. కుడికాలు బోసిగా ఉంది.

ఎండాకాలం. మా ఎమ్మిగనూరులో పదకొండు గంటలకే సిమెంటు రోడ్డు మీద కాలు మోపలేం. అట్లాంటి రోడ్డు మీద ఎంతదూరం అలా వచ్చానో నాకే తెలియలేదు. ఆమె చెప్పులు నేను తొడుక్కుని, వచ్చిన దారినే వెనక్కి పోయి వెతికితే నాలుగు వీధుల అవతల, టీ అంగడి ముందు దొరికింది. అంగడాయన నవ్వాడు. "పిలిస్తి కదప్పా, చెప్పు జారిపాయ అని. పలకకుండా పోతివి. ఏందో ధ్యాసలో ఉండావనుకుంటి."

నేను ఏ ధ్యాసలోనూ లేను. అదే నన్ను తికమక పెట్టింది.

సాయంత్రానికి అరికాలి మీద అరచేతంత బొబ్బ లేచింది. నొప్పి లేదు. నొప్పి లేనందుకు సంతోషించాలో భయపడాలో అర్థం కాలేదు. యాభైనాలుగేళ్ల వయసుకు అప్పటిదాకా నేను ఆసుపత్రి గడప తొక్కలేదు. ఆ మాట నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి. పొద్దున్నే లేచి మగ్గం గుంతలోకి కాళ్లు దించితే మధ్యాహ్నం దాకా కింది చెక్కలు తొక్కడమే. అంతకుమించిన వ్యాయామం ఎవరికుంది అనుకునేవాణ్ణి.

ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. చక్కెర జబ్బట. ఇవాళ వచ్చింది కాదు, ఎన్నేళ్ల నుంచో ఉండుంటుందట. కట్టు కట్టిన నర్సమ్మ నా అరికాలి మీద పెన్ను మొనతో అక్కడక్కడా తాకింది.

"తెలుస్తాందా?"

"ఏం తెల్సల్ల మా?"

"పొడుస్తాండా కదప్పా!"

తెలియలేదు. ఆమె నిదానంగా చెప్పింది. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవాలి. స్నానం నీళ్ల వేడి మోచేత్తో చూడాలి, కాలితో కాదు. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకూడదు.

"మరి మగ్గం ఎట్ల తొక్కేది మా? చెప్పులేసుకొని తొక్కితే ఏ చెక్క మీద కాలుండాదో తెలీదే?"

"మగ్గం సంగతి నాకు తెలీదప్పా. కాళ్లు నీవి. నువ్వే చూసుకోవల్ల" అంది.

నువ్వే చూసుకోవల్ల. ఆ మాట పట్టుకుని ఇంటికి వచ్చాను. ఎవరి మీదా ఆధారపడకుండా నన్ను నేనే చూసుకుంటానని గట్టిగా అనుకున్నాను. నా భార్య అద్దం పట్టుకుంటానంటే వద్దన్నాను. మాత్రలు ఏ పూటకు ఏవో చూస్తానంటే, "నాకు చదువొస్తాది కదా" అన్నాను. అద్దంలో అరికాలు మసకగా కనబడేది. ఆ మసక అద్దానిదో నా కళ్లదో తేలేది కాదు. అయినా అంతా బాగుందనే చెప్పేవాణ్ణి.

చిక్కు అక్కడ మొదలు కాలేదు. సలహాలతో మొదలైంది. రాయచోటి నుంచి మా బావమరిది సంచి నిండా కొర్రలు తెచ్చాడు.

"బావా, ఇంక బియ్యం ముట్టొద్దు. మా వీధిలో ఒకాయన ఇవే తిని మాత్రలు మానేసినాడు."

సరేనన్నాను. సంగటి మంచిదేనని మగ్గాల వీధిలో పెద్దాయన చెప్పాడు. సంగటి మరీ ప్రమాదమని ఇంకొకాయన. పరగడుపున కాకరకాయ రసం తాగమని ఒకరు, తాగితే కడుపు చెడుతుందని ఒకరు. పొద్దున్నే గడ్డి మీద వట్టి కాళ్లతో నడిస్తే నరాలు మేలుకుంటాయని పూలమ్మే ఆమె చెప్పింది. నర్సమ్మ చెప్పింది దానికి నేరుగా ఎదురు. పైగా మా ఊళ్లో ఆ ఎండలకు గడ్డి ఎక్కడుంది? ఫోను వీడియోలో ఒకాయన, తెల్లచొక్కా, చక్కని గొంతు, రోజులో పదహారు గంటలు ఏమీ తినకుండా ఉంటే జబ్బు దానంతటదే పోతుందని చెప్పాడు. ఆయన మాటల్లో ఎక్కడా తడుముకోవడం లేదు. డాక్టరేమో ప్రతిదానికీ "చూద్దాం, వచ్చే నెల రండి" అనేవాడు. తడుముకోని మనిషి మాటే నాకు నిజమనిపించింది.

ఎవరి మాటా తీసెయ్యలేక అందరి మాటా పాటించాను. మాత్రలు మానలేదు, అవి డాక్టరు మాట. పొద్దున తిండి మానేశాను, అది ఫోనాయన మాట. మధ్యాహ్నం కొర్రన్నం, అది బావమరిది మాట. నా భార్యకు మాత్రం పొద్దున్నే బయట ఇడ్లీ తిని వచ్చానని చెప్పేవాణ్ణి. అబద్ధమని అనిపించలేదు. నా ఒళ్లు నేను చూసుకుంటున్నాను కదా అనుకున్నాను.

కాలి పుండు మానాక మగ్గం ఎక్కిన రెండో వారమో మూడో వారమో. పొద్దున తొమ్మిదై ఉంటుంది. మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, గుంతలోకి కాళ్లు దించాను. అంచు చీర. ముప్పై ఏళ్లుగా నేస్తున్న అంచే. ఎడమ చెక్క తొక్కాలి, అడ్డపోగు మోసే నాడె కుడి నుంచి ఎడమకు పోవాలి. కుడి చెక్క తొక్కాలి, నాడె తిరిగి రావాలి. ఇందులో ఆలోచించేది ఏమీ లేదు.

నాడె విసిరాను. తిరిగి విసిరాను. పోయిన పోగు పోయినట్టే బయటికి వచ్చేసింది. రెండుసార్లూ ఒకే కాలు తొక్కానన్నమాట. మళ్లీ విసిరాను. మళ్లీ వచ్చేసింది. ఇప్పుడు ఏ కాలు తొక్కాలి? నా కాళ్ల వైపు చూశాను. గుంతలో రెండు కాళ్లున్నాయి. వాటిలో ఏది కుడి, ఏది ఎడమ అన్నది గుర్తు రాలేదు. చొక్కా తడిసిపోయింది. చేతులు వణుకుతున్నాయి. ఉక్కపోత అనుకున్నాను. నా భార్య ఏదో అడిగింది. ఆమె పెదవులు కదలడం కనబడింది కానీ మాట మాటగా చెవికెక్కలేదు.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మిగతాదంతా వాళ్లు చెప్పిందే. వాళ్లు చెప్పింది కూడా ఒకటి కాదు. నేను ఆమెను ఎప్పుడూ తిట్టని తిట్లు తిట్టానని నా భార్య అంటుంది. తిట్టలేదు, చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చానని పక్కింటి ఆపా అంటుంది. వీధంతా ఉర్దూలో ఆపా, అంటే అక్కా, అని పిలిచే ఆమె జాకెట్లు కుడుతుంది. పదేళ్లుగా ఆమెకూ ఇదే జబ్బు. నా భార్య కేక విని మిషను మీద నుంచి లేచి వచ్చిందట.

"చక్కెర తే వదినా, జల్దీ!"

"చక్కెర జబ్బాయనకు చక్కెరేంది ఆపా! చచ్చిపోతాడు!"

"ఇయ్యకుంటేనే పోతాడు. తే!"

నా భార్య చక్కెర డబ్బా గుండెకు హత్తుకుని ఇవ్వకుండా నిలబడిందట. జబ్బని తెలిసినప్పటి నుంచీ ఆ డబ్బాను నాకు కనబడకుండా బియ్యం వెనక దాచింది ఆమే. ఆపా డబ్బా లాక్కుని, గ్లాసు నీళ్లలో గుప్పెడు కలిపి, నా తల పట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. ఆ తీపి మాత్రం నాకు బాగా గుర్తుంది. కాసేపటికి మగ్గం మగ్గంలా కనబడింది. నా భార్య నేల మీద కూర్చుని రెండు చేతుల్తో తల పట్టుకుని ఉంది.

"ఏమాయ?" అన్నాను.

"నన్నడుగుతాండావా!" అంది.

ఆ రోజే డాక్టరు దగ్గరికి పోయాం. ఈసారి ఆమె లోపలికి వచ్చింది. పొద్దున ఏం తిన్నానని డాక్టరు అడిగాడు. ఆమె నా ముఖం వైపు చూసింది. ఏమీ తినలేదన్నాను; ఇడ్లీ అబద్ధం అక్కడ బయటపడింది. తినకుండా ఆ మాత్ర వేసుకుంటే చక్కెర పడిపోతుందని, ఎక్కువైతేనే కాదు తక్కువైనా ప్రాణం మీదికి వస్తుందని ఆయన చెప్పాడు. ఎక్కువైతే జబ్బు, తక్కువైతే అంతకన్నా తొందరగా ముప్పు. నాకు ఉన్న తికమక ఇంకాస్త పెరిగింది.

"సంగటి తినాల్నా, కొర్రలు తినాల్నా సార్? ఒక మాట చెప్పండి, అదే చేస్తా" అన్నాను.

"ఏదైనా తినండి. కొంచెం తినండి. వేళకు తినండి."

నాకు ఒక ఆజ్ఞ కావాల్సింది. ఆయన నా నిర్ణయం నాకే వదిలేశాడు. బయటికి వచ్చాక మందుల చీటీని నా భార్య చేతికిచ్చాను. ఆమె తీసుకుంది కానీ, "నువ్వే చూసుకో. చూసుకున్న్యాక నాకు చెప్పు. అంతే" అంది.

ఇప్పుడు ఏడాది దాటింది. పొద్దున రెండు రొట్టెలో చిన్న సంగటి ముద్దో తిన్నాకే మాత్ర. మగ్గం పక్కన బెల్లం ముక్క పెట్టుకుంటాను. కాళ్లకు నూలు మేజోళ్లు తొడిగి తొక్కుతున్నాను. మొదటి నెల పోగులు తప్పాయి. చూపు చెక్కల మీదే పెట్టి, కొత్తగా నేర్చుకునేవాడిలా తొక్కాను. అరికాళ్లు మాత్రం ఆమె చూస్తుంది. కళ్లు మసకని ఒప్పుకోవడానికి నాకు ఇంకో నెల పట్టింది. ఇది నన్ను నేను చూసుకోవడమా, ఇంకొకరి మీద ఆధారపడటమా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

ఒక సాయంత్రం ఆమె నా పాదం చూసి కింద పెట్టాక, "నీ కాళ్లు చూపియ్యి" అన్నాను.

"నాకేముండాది?" అని చీర కుచ్చిళ్లు దించుకుంది. మడమలు బీటలు వారి ఉండటం అప్పటికే చూశాను. ఆమెకు ఎప్పుడైనా రక్తం చూశారా అని అడిగితే, లేదంది. ముప్పై ఏళ్లలో నేను అడగనూ లేదు. మరుసటి రోజు బలవంతాన తీసుకుపోయాను. రక్తం పరీక్ష చీటీ వచ్చేదాకా బల్ల మీద కూర్చుని నా కాళ్లకన్నా ఎక్కువగా ఆమె కాళ్ల గురించి భయపడ్డాను.

అంతా బాగుంది. ఏ జబ్బూ లేదు. బీటలకు పూసుకోమని ఆముదం చెప్పి పంపారు.

సంతోషపడ్డాను. కానీ ముప్పై ఏళ్లు ఒకే కుండలోది తిన్నాం, ఒకే ఇంట్లో ఒకే పని చేశాం. నాకెందుకు వచ్చింది, ఆమెకెందుకు రాలేదు? నర్సమ్మను అడిగాను.

"అదంతా ఏమిటికప్పా? వచ్చే ఏడు మళ్లీ పిల్చుకొనిరా" అంది.

మేమిద్దరం బయటికి వచ్చాం. ఆకలిగా ఉందని ఆమె అంది. టైము చూసుకున్నాను. నేను తినాల్సిన వేళ కూడా అదే.